పాఠకుల ప్రశ్నలు: కాజీపేట గూడ్సు డబ్బాకు నమూనా చేయడం ఎలా?

ప్రశ్న: మా ఇల్లు కాజీపేట జంక్షన్‌కు దగ్గర. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి, బియ్యం బస్తాలు వెళ్లే మూత వ్యాగన్‌ను 1:87 కొలతలో, అంటే అసలులో 87వ వంతుగా, చేస్తానని పట్టుబట్టాడు. బజారులో దొరికే అమెరికా బాక్స్‌కార్ (అక్కడి మూత వ్యాగన్) కిట్‌కు మన రైల్వే రంగు వేస్తే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, ఫాతిమానగర్

జవాబు: రంగు ఒక్కటే మారిస్తే సరిపోదండీ. దూరం నుంచి రెండూ చక్రాల మీది పెట్టెల్లాగే కనిపిస్తాయి గాని, దగ్గరికి వెళ్తే తలుపు దగ్గరే తేడా తెలిసిపోతుంది. అమెరికా బాక్స్‌కార్ తలుపు సాధారణంగా గోడ వెంబడి పక్కకు జారుతుంది. మన బీసీఎన్ తరగతి మూత వ్యాగన్ తలుపులు మడతబందుల మీద బయటికి తెరుచుకుంటాయి. గూడ్స్ షెడ్డులో లారీ నుంచి బస్తాను భుజాన వేసుకొని హమాలీ లోపలికి అడుగుపెట్టేది ఆ తలుపులోంచే కాబట్టి, నమూనాకు ప్రాణం పోసేది కూడా అదే. కిట్‌లోని జారుడు తలుపును అలాగే ఉంచి పైన ఎర్రమట్టి రంగు వేస్తే, అది కాజీపేట వ్యాగన్ అని మీ అబ్బాయే ఒప్పుకోడు.

ఇక కొలతలు. ఆ తరగతిలోని బీసీఎన్ఏ రకం వ్యాగన్ పొడవు ఒక కప్లర్ (వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కొక్కెం) నుంచి మరో కప్లర్ వరకు 14,450 మి.మీ.; 1:87లో అది 166 మి.మీ. అవుతుంది. కప్లర్లు వదిలేసి పెట్టెను మాత్రమే కొలిస్తే 155 మి.మీ. వస్తుంది. అమెరికాలో ఒకప్పుడు ఎక్కువగా తిరిగిన 40 అడుగుల బాక్స్‌కార్ పెట్టె ఇదే కొలతలో దాదాపు 140 మి.మీ. మాత్రమే. చక్రాల విషయం చాలామంది గమనించరు: మన వ్యాగన్‌కు కొత్త చక్రం వ్యాసం 1,000 మి.మీ. ఉంటే, ఆ పాత బాక్స్‌కార్లకు 33 అంగుళాలు, అంటే 838 మి.మీ. ఉండేది. నమూనాలో ఈ తేడా రెండు మిల్లీమీటర్లకు లోపే అయినా, చిన్న చక్రాలు వేస్తే బండి కుంగినట్టు కనిపిస్తుంది. అందువల్ల పెట్టెను ప్లాస్టిక్ షీట్‌తో కొత్తగా కట్టుకొని, 11.5 మి.మీ. చక్రాలు వెతికి తెచ్చుకోమని నా సలహా. కిట్ నుంచి నేరుగా పనికొచ్చేవి కప్లర్లు, ఎందుకంటే మన వ్యాగన్లకు ఉండే సెంటర్ బఫర్ కప్లర్ కూడా అమెరికా కప్లర్ల కుటుంబానికి చెందినదే.

అసలు చిక్కు పట్టాల దగ్గర ఉంది. 1:87 నమూనాలకు దొరికే పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ.; అది 1,435 మి.మీ. ప్రామాణిక గేజ్‌కు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. కాబట్టి, నిజానికి 19.2 మి.మీ. ఉండాలి. కొన్న ఇంజిన్‌తో లాగించి ఆడుకోవాలంటే 16.5తోనే సర్దుకోండి, అద్దాల బీరువాలో పెట్టే ఒక్క వ్యాగన్ అయితే మాత్రం జానెడు పట్టాను 19.2 మి.మీ. ఎడంతో చేతితో పరచండి. మన బండికి ఉండే వెడల్పాటి నిలుపు అప్పుడే కనిపిస్తుంది, ఆ శ్రమ వృథా కాదు.

బరువు సంగతి కూడా చూసుకోవాలి. ఖాళీ ప్లాస్టిక్ పెట్టె మలుపుల్లో పట్టా తప్పుతుంది. అమెరికా నమూనాకారుల జాతీయ సంఘం ఈ కొలతకు చేసిన సిఫారసు ప్రకారం ఒక ఔన్సుకు, పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు చొప్పున కలపాలి; మీ పెట్టెకు అది సుమారు 115 గ్రాములు అవుతుంది. లోపల నేలకు ఇనుప నట్లు అంటించి ఆ బరువు తెచ్చుకోవచ్చు. వివరాల కోసం ఫొటోలు ప్లాట్‌ఫాం మీద నిలబడే తీయమనండి, పట్టాల మీదికి దిగనివ్వకండి.

ప్రశ్న: వ్యాగన్ల మీద ఉండే 11 అంకెల సంఖ్యకు అర్థం ఏమిటి? – ఒక పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: మొదటి రెండు అంకెలు వ్యాగన్ రకాన్ని తెలుపుతాయి, 30 నుంచి 39 వరకు మూత వ్యాగన్లవి. తరువాతి రెండు యజమాని రైల్వేవి, దక్షిణ మధ్య రైల్వేకు 09. ఆ తరువాతి రెండు తయారైన సంవత్సరం, ఆపై నాలుగు ఆ వ్యాగన్ సొంత సంఖ్య. చివరిది సరిచూసే అంకె. దాన్ని రాబట్టడానికి ఎడమ నుంచి సరి స్థానాల్లోని అంకెలను కూడి మూడుతో గుణించి, బేసి స్థానాల్లోని అంకెలను కలపాలి. ఆ మొత్తం తరువాతి పదుల సంఖ్యకు చేరడానికి ఎంత తక్కువైతే అదే చివరి అంకె. ఉదాహరణకు నేను కల్పించిన 3109042376 తీసుకుంటే, సరి స్థానాల మొత్తం 23, మూడింతలు 69. బేసి స్థానాలవి 12. అన్నీ కలిపి 81. తొంభైకి తొమ్మిది తక్కువ. కాబట్టి పై ప్రశ్న పంపిన పాఠకురాలి అబ్బాయి తన వ్యాగన్ పక్క గోడ మీద తెల్ల రంగుతో 31090423769 అని రాసుకోవచ్చు.