గుజ్జు సంగతి తర్వాత.. ముందు అమ్మగారి కిడ్నీ పరీక్ష చేయించండి

ప్రశ్న: మా అమ్మ వయసు 59. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మందులు వాడుతోంది. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగితే ఒక నొప్పి బిళ్ళ, దాంతోపాటు గ్యాస్ బిళ్ళ ఇచ్చారు. ఏడాదిగా రోజూ అవే వేసుకుంటోంది, కూలి పని ఉన్న రోజుల్లో రెండు పూటలా. లేకపోతే లేవలేనంటుంది. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని అందరూ అంటున్నారు. ఈమధ్య పాదాలు వాస్తున్నాయి, నీరసంగా ఉంటోంది. గుజ్జు పెరగడానికి మంచి మందు గానీ ఇంజెక్షన్ గానీ చెప్పండి.
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

సమాధానం: మీరు గుజ్జు గురించి అడిగారు. నాకు భయం వేసింది మాత్రం చివర్లో రాసిన పాదాల వాపు చదివి. పదేళ్ల షుగర్, దానికి తోడు బీపీ, ఆపైన ఏడాదిగా రోజూ నొప్పి బిళ్ళ. ఈ మూడూ ఒకరికే ఉంటే ముందు చూడాల్సింది కిడ్నీలనే. మోకాలికి వైద్యం ఒక నెల ఆలస్యమైనా పెద్ద నష్టం లేదు. కిడ్నీ పరీక్ష ఈ వారమే జరగాలి.

బిళ్ళల పేర్లు మీరు రాయలేదు. అది నొప్పి బిళ్ళే, బీపీ బిళ్ళే అనుకుని ఊరుకోకండి. బీపీకి వాడేది టెల్మిసార్టాన్ లాంటిదా, అందులో మూత్రం ఎక్కువ పోయేలా చేసే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా కలిసి ఉందా అన్నది చాలా ముఖ్యం. ఆ రెండింటికీ నొప్పి బిళ్ళ తోడైతే కిడ్నీ మీద మూడు వైపుల నుంచి ఒత్తిడి పడుతుంది. ఎండలో పని చేసి, నీళ్లు సరిగా తాగని రోజు, లేదా వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజు ఈ మూడూ కలిసి కిడ్నీని ఒక్కసారిగా దెబ్బతీయగలవు.

కిడ్నీలోకి వెళ్లే రక్తనాళాలు తగినంత తెరుచుకుని ఉండటానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు మన ఒంట్లోనే తయారవుతాయి. నొప్పి, వాపు పుట్టడంలోనూ వాటిదే పాత్ర. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మందులు వాటి తయారీని ఆపుతాయి. దాంతో నొప్పి తగ్గుతుంది, కిడ్నీకి వెళ్లే రక్తమూ తగ్గుతుంది. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది, వాపు వస్తుంది. ఏ జబ్బూ లేని కుర్రాడు పంటి నొప్పికి రెండు రోజులు వేసుకుంటే సాధారణంగా ఇబ్బంది రాదు. అమ్మగారి పరిస్థితి వేరు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లోకి చేరి, కిడ్నీలు పాడై అవి లక్షల్లో చనిపోయాయి. అందుకే 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు నిషేధించారు. మనుషుల కిడ్నీ అంత సున్నితం కాదు, నిజమే. కానీ ఇది చాక్లెట్ కొన్నట్టు కొనే మందు కాదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందులు.

గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నాం కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. అది కడుపులో పుండు పడకుండా కొంతవరకు కాపాడుతుంది. కిడ్నీని కాపాడదు. ఆ నీరసానికి కడుపులో కొద్దికొద్దిగా రక్తం కారడం కూడా కారణం కావచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ చూడాలి.

ఇంకో మాట అడగాలి. పేరు లేని బిళ్ళలు పొట్లం కట్టి ఎవరైనా ఇస్తున్నారా? ఒక్క పూటలో నొప్పి మాయమయ్యే అలాంటి పొట్లాల్లో స్టెరాయిడ్లు కలిసి ఉండొచ్చు. అదే అయితే షుగర్ అదుపు తప్పుతుంది. చాలా రోజులు వాడినవాళ్లు వాటిని ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే, డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

పాదాల వాపు కిడ్నీ వల్లే అని చూడకుండా నేను చెప్పలేను. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా వస్తుంది, గుండె బలహీనపడినా వస్తుంది. అందుకే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం), పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్షలు చేయించి, బీపీ చూపించి, దగ్గర్లోని ఎండీ ఫిజీషియన్‌ను కలవండి. మీ పీహెచ్‌సీలో అడగండి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద రక్తం తీసుకుని జిల్లా కేంద్రంలో ఉచితంగా పరీక్ష చేస్తారు. క్రియాటినిన్ నార్మల్ అని రాస్తే అక్కడితో వదిలేయకండి. కండ తక్కువగా ఉన్న ఆడవాళ్లలో కిడ్నీ పని సగం తగ్గినా ఆ అంకె నార్మల్‌లోనే కనిపించవచ్చు. కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ ఎంతో లెక్కగట్టి చెప్పమనండి. అది 30 కంటే తగ్గితే షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్‌ను డాక్టర్ ఆపాల్సి వస్తుంది. మందులు మార్చకుండానే ఈమధ్య షుగర్ తగ్గుతోందంటే సంతోషించకండి. అది కూడా కిడ్నీ ఇచ్చే సూచన కావచ్చు.

నొప్పి బిళ్ళ ఈరోజు నుంచే ఆపమనండి. పైన చెప్పిన పేరు లేని పొట్లం బిళ్ళలైతే మాత్రం డాక్టర్‌ను అడిగాకే. బీపీ, షుగర్ బిళ్ళలు మాత్రం మీ అంతట మీరు ఆపకూడదు. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా, మలం తారులా నల్లగా వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మరి నొప్పికి? లివర్ జబ్బు లేకపోతే, మద్యం అలవాటు లేకపోతే పారాసెటమాల్ 650 రోజుకు రెండు మూడుసార్లకు మించకుండా వాడుకోవచ్చు. కొనేటప్పుడు స్ట్రిప్ మీద ఆ ఒక్క పేరే ఉందో లేదో చదవండి. ఎసిక్లోఫెనాక్ కలిపిన బిళ్ళలు కూడా పారాసెటమాల్ పేరుతోనే చేతిలో పెడుతుంటారు. పైపూత జెల్‌లోని మందు రక్తంలోకి తక్కువగా చేరుతుంది, అయినా కిడ్నీ రిపోర్టు వచ్చాక అడిగి వాడండి.

ఇక గుజ్జు. అరిగిపోయిన గుజ్జును మళ్లీ మునుపటిలా పెంచుతుందని రుజువైన బిళ్ళ గానీ ఇంజెక్షన్ గానీ లేదు. గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమైన్ బిళ్ళల మీద వేలకు వేలు పోసే ముందు తొడ కండరాన్ని గట్టిపరిచే వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్పించండి. కుర్చీలో కూర్చుని కాలు చాపి కొన్ని సెకన్లు నిలపడంతో మొదలుపెట్టొచ్చు. బరువు ఎక్కువుంటే నాలుగైదు కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది. గొంతుక్కూర్చునే పనులు తగ్గించాలి, ఇంట్లో వెస్టర్న్ కమోడ్ పెట్టించండి. ఒక మోకాలే ఎక్కువ నొప్పి అయితే చేతికర్ర రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది ఎక్స్‌రే చూసి ఎముకల డాక్టర్ చెబుతారు. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు కిడ్నీ రిపోర్టు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లి ముందే చూపించండి. అవి చూడకపోతే ఆయన కూడా అదే నొప్పి బిళ్ళ రాయొచ్చు.