ఏడాదిలో అమ్మేసే కారుకు పేరు మార్పు అవసరమా?

సందేహం: లాయర్ గారూ, నేను దేవరకొండ దగ్గర ప్రభుత్వ స్కూల్లో టీచర్ని. మా ఆవిడకు ఇప్పుడు నాలుగో నెల. చెకప్‌ల కోసం నల్లగొండకు బస్సులో తీసుకెళ్లడం కష్టమవుతోందని ఒక పాత కారు చూశాను. ఏపీ 24 నంబరు, 2012 వ్యాగన్ ఆర్, లక్షా నలభై వేలు చెబుతున్నారు. కాన్పు అయ్యాక, ఏడాదిలోపే అమ్మేద్దామని ఆలోచన. కన్సల్టెన్సీ ఆయన "ఏడాది కోసం పేరు మార్పు ఎందుకు సార్? ఓనర్ సంతకాలు పెట్టిన ఫారాలు ఇస్తా. అమ్మేటప్పుడు అవే కొన్నాయన చేతిలో పెట్టండి. ఆర్సీలో ఒక పేరు తక్కువుంటే రేటు కూడా పడదు" అంటున్నాడు. ఇలా చేయొచ్చా?

జవాబు: చేయకండి. ఏడాదికి కాదు, మూడు నెలలకు కొన్నా బండి మీ పేరు మీదికి రావాల్సిందే. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలతో బండ్లు చేతులు మారడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. ఏ గొడవా రానంత కాలం అందులో తప్పేమీ కనిపించదు. గొడవ వచ్చిన రోజు మాత్రం ఆ ఫారాలు ఇచ్చినవాళ్లనూ కాపాడవు, తీసుకున్నవాళ్లనూ కాపాడవు.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 50 ప్రకారం, బండి అదే రాష్ట్రంలో రిజిస్టరై ఉంటే అమ్మినవారు 14 రోజుల్లోగా ఫారం 29తో ఆర్టీఏకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోగా ఫారం 30తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ఇప్పుడు సంతకాలు పెట్టించి ఏడాది తర్వాత మూడో మనిషికి ఇవ్వమని చెప్పడమంటే, మధ్యలో మీరు ఆ బండిని కొననే లేదని రికార్డుకు చెప్పడమే. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ రాసుకుని నోటరీ చేయించినా ఆర్సీలో పేరు మారదు.

మీ వైపు నుంచి చూద్దాం. రేపు నల్లగొండ రోడ్డులో కారు దేనికో గుద్దుకుని ముందు భాగం నుజ్జయిందనుకోండి. ఇన్సూరెన్స్ పాత ఓనర్ పేరున ఉంది. సెక్షన్ 157 కింద పాలసీ కొన్నవారికి దానంతటదే బదిలీ అయినట్టే కదా అని కొందరు వాదిస్తారు. ఆ బదిలీ ఎదుటివారికి జరిగిన నష్టం వరకే, అంటే థర్డ్ పార్టీ వరకే. మీ కారు రిపేరు ఖర్చు రావాలంటే పాలసీ మీ పేరుకు మారి ఉండాలి. దానికోసం కొన్న 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టాలని అదే సెక్షన్ చెబుతోంది. ఓనర్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా కూడా ఆర్సీలో పేరున్న మనిషికే. బండి నడిపేది మీరు, పక్క సీట్లో కూర్చునేది గర్భిణి అయిన మీ భార్య. ఆ రక్షణ మరొకరి పేరున వదిలేయడం నాకు ఏమాత్రం నచ్చడం లేదు.

ఇంకో సంగతి. ఈ ఏడాదిలో పాత ఓనర్‌కు ఏమైనా అయితే ఆ సంతకాల విలువ పోయినట్టే. బండి ఆయన వారసుల ద్వారా రావాలి, దానికి ఫారం 31, డెత్ సర్టిఫికెట్, వారసుల అంగీకారం కావాలి. ఆయన బతికి ఉండి మనసు మార్చుకున్నా, "నా బండి ఇవ్వడం లేదు" అని స్టేషన్‌కు వెళ్లినా రికార్డు ఆయన వైపే ఉంటుంది.

అసలు ప్రమాదం మీరు అమ్మేటప్పుడు ఎదురవుతుంది. కొనేటప్పుడు జాగ్రత్తపడి, పేరు మార్పించుకుని, తీరా అమ్మేటప్పుడు "ఆయనే మార్పించుకుంటాడులే" అని ఫారాల మీద సంతకాలు పెట్టి పంపేసేవాళ్లు ఉంటారు. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సరిగ్గా ఇదే జరిగింది. 2007లో ఒకాయన కారు అమ్మేశాడు. అది ఇంకా చేతులు మారింది, ఆర్సీలో మాత్రం ఆయన పేరే మిగిలిపోయింది. 2009లో ప్రమాదం జరిగి ఒక పిల్లవాడు చనిపోయాడు. కారు తన దగ్గర లేదని ఆ మొదటి ఓనర్ ఎంత చెప్పినా, 2018లో సుప్రీంకోర్టు నష్టపరిహారం బాధ్యత రికార్డులో పేరున్నవాడిదేనని తేల్చింది. ప్రమాదంలో నష్టపోయినవాళ్లు బండి ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదన్నది కోర్టు ఉద్దేశం. అది న్యాయమైన మాటే. ఆ భారం మాత్రం అమ్మేసి మరిచిపోయినవాడి మీద పడుతుంది.

అందుకని అమ్మే రోజు కొనేవారితో కలిసి పేరు మార్పు దరఖాస్తు పెట్టించండి. రసీదు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు తాళాలు ఇచ్చిన టైమ్ కూడా రాయించండి. ఎందుకంటే అదే సాయంత్రం పడిన చలాన్ ఎవరిదన్న తగువు కూడా వస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ అయిపోవచ్చిన బండిని అలాగే అప్పగించకండి. వెయ్యి సీసీ లోపు కారుకు 2022లో ఖరారైన థర్డ్ పార్టీ ప్రీమియం 2,094 రూపాయలు, దానికి పన్ను అదనం. ఆ మాత్రం ఖర్చుకు వెనకాడి లక్షల పరిహారం భయంతో నిద్ర పాడుచేసుకోవద్దు.

కన్సల్టెన్సీ ఆయన మాటలో కొంత నిజముంది. సెకండ్ ఓనర్, థర్డ్ ఓనర్ అని రాసి ఉంటే రేటు కొంచెం తగ్గుతుంది. కానీ మీ పేరున ఆర్సీ, మీ పేరున పాలసీ ఉండి, మీరే వచ్చి సంతకం పెట్టే బండి త్వరగా అమ్ముడుపోతుంది. తెలిసినవాళ్లు పాత ఓనర్ ఎక్కడున్నాడో తెలియని బండి జోలికి రారు. వచ్చినా ఆ భయం చూపించి బేరమాడతారు.

ఏపీ 24 అని కంగారు పడకండి. అది ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ జిల్లా కోడ్, ఇప్పటి టీజీ 05 లాంటిదే. మీరు చూసుకోవాల్సింది తేదీ. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే. 2012లో రిజిస్టరైతే 2027లో గడువు తీరుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి, రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లు పొడిగించుకోవాలి. గడువు దగ్గరపడిన బండిని ఎవరైనా రేటు తగ్గించే అడుగుతారు. కాబట్టి ఆర్సీలో తేదీ చూసి, ఆ ఖర్చు ఇప్పుడే మీ బేరంలో తగ్గించి అడగండి. చౌక అని కర్నూలు నుంచో, మాచర్ల నుంచో, ఢిల్లీ నుంచో వచ్చిన బండ్లు చూపిస్తారు. మీలాంటి కొద్దికాలపు అవసరానికి అవి పనికిరావు. అక్కడి ఆర్టీఏ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌వోసీ) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఈ పనులు పూర్తయ్యేసరికే మీకు కారు అవసరం తీరిపోతుంది.

డబ్బు ఇచ్చేముందు ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందేమో చూడండి. లోన్ తీరిపోయినా ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండొచ్చు. ఫారం 35, కంపెనీ ఇచ్చే ఎన్‌వోసీతో దాన్ని తీయించే బాధ్యత అమ్మేవారిది. పెండింగ్ చలాన్లు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో కనిపిస్తాయి. ఛాసిస్ నంబర్ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన అచ్చును ఒక్కో అక్షరం ఆర్సీతో పోల్చండి. గీకినట్టో, మళ్లీ కొట్టినట్టో అనిపిస్తే ఎంత తక్కువకు ఇస్తానన్నా వద్దనండి. దొంగ బండి అయితే ఎంత డబ్బు పోసి కొన్నా మీకు హక్కు రాదు. తెలిసి కొన్నారని తేలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద కేసు కూడా అవుతుంది.

కన్సల్టెన్సీ ఆయన్ని ఒక కాగితం అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఏ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి, బండి తమకు అప్పగించిన సంగతి ఫారం 29సీ ద్వారా నమోదు చేయించాలి. అలా నమోదైతే అమ్మకం జరిగేవరకు డీలర్‌నే ఓనర్‌గా లెక్కిస్తారు. రేపు మీరు అమ్మాలన్నా ఇలాంటి అనుమతి ఉన్న డీలర్ అయితే మీకు చాలా మేలు. ఈయన దగ్గర ఆ పత్రం లేకపోతే డబ్బు నేరుగా ఆర్సీ ఓనర్ ఖాతాలోకే పంపండి. బయానా కూడా అంతే.

మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ప్రవర్తన నియమాల ప్రకారం ఈ కొనుగోలును, తర్వాత అమ్మకాన్ని మీ పై అధికారికి రాతపూర్వకంగా తెలపండి. కారు మరొకరి పేరున ఉంచుకుని వాడితే ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు జవాబు చెప్పుకోవడం ఇబ్బంది.

చెకప్ తేదీ దగ్గరపడిందని మాత్రం తొందరపడకండి. ఆర్సీ ఓనర్ వచ్చి మీ ఎదురుగా సంతకం పెట్టడానికి ఇంకో వారం పట్టేటట్టుంటే, ఈసారికి కిరాయి కారు మాట్లాడుకుని మీ ఆవిడను తీసుకెళ్లండి.