అమ్మ తిప్పతీగ రసం తాగుతోంది, పర్వాలేదా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రుమటాయిడ్ కీళ్లవాతానికి ఆరేళ్లుగా వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటోంది. ఈమధ్య పొద్దున్నే బీచ్ రోడ్డుకు వాకింగ్‌కు వెళ్లి, ఇమ్యూనిటీకి మంచిదని అక్కడ బండి మీద అమ్మే తిప్పతీగ రసం తాగి వస్తోంది. కాస్త షుగర్ కూడా ఉంది, దానికి బిళ్ళగన్నేరు ఆకులు నమలమని పక్కింటి పిన్నిగారి సలహా. ఆకులే కదా, ఏమవుతుందంటోంది. పర్వాలేదా?
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: పర్వాలేదని చెప్పలేనమ్మా. రసం ఈ రోజే ఆపించండి, ఆకులు మొదలుపెట్టనివ్వకండి.

అమ్మగారి జబ్బు ఇమ్యూనిటీ తక్కువై వచ్చింది కాదు, దారి తప్పి వచ్చింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే కీళ్ల లోపలి పొర మీద పడుతున్నాయి, వాటి జోరు తగ్గించడానికే ఆ మాత్ర. తిప్పతీగ కాండంలోని కొన్ని పాలీశాకరైడ్లేమో (చక్కెర అణువుల గొలుసులు) మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలను రెచ్చగొడతాయని ల్యాబుల్లో చూశారు. అంటే ఒకపక్క మాత్రతో జోకొడుతూ, ఇంకోపక్క రసంతో తట్టి లేపుతున్నట్టు. పైగా 2020 చివర్లో ముంబయిలో తిప్పతీగ వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నట్టు డాక్టర్లు రాశారు. అది అసలు తిప్పతీగ కాకపోవచ్చని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. నా భయమూ అదే. తిప్పతీగ కాండాన్ని గోటితో గీరితే పల్చటి పొర కాగితంలా లేచి కింద పచ్చగా కనిపిస్తుంది, దాని చుట్టం ఇంకో తీగకు ఒళ్లంతా బుడిపెలుంటాయి, కానీ వడకట్టి గ్లాసులో పోశాక అది ఏ తీగ రసమో ఎవరు చెప్పగలరు? మెథోట్రెక్సేట్‌తో లివర్ మీద ఎలాగూ ఒక కన్ను వేసి ఉంచాలి.

ఇక బిళ్ళగన్నేరు. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకులు, జమైకాలో షుగర్‌కు వాడతారని ఈ ఆకు తెప్పించి ఎలుకల మీద చూశారు. తాగిస్తే షుగర్ తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే తెల్లకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్‌తో ఎలుకలు చచ్చిపోయాయి. అలా దొరికిందే విన్‌బ్లాస్టిన్, దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌ను ఇప్పటికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు ఇస్తారు. కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములను పంచే సన్నని దారాలుంటాయి, ఈ మందు వాటిని అల్లుకోనివ్వదు. తెల్లకణాలు ఎముక మూలుగలో రాత్రింబవళ్లు పుడుతూనే ఉంటాయి కాబట్టి దెబ్బ వాటికి ముందు తగులుతుంది. ఆకులో ఈ మందు పిసరంతే ఉంటుంది, నిజమే. కానీ తెల్లకణాలను తగ్గించగల మాత్ర ఇప్పటికే వేసుకుంటున్న మనిషికి దాన్ని తోడు చేయడమెందుకు?

కూరలో పసుపు, చారులో మిరియాలు మానక్కర్లేదు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ మాత్రం డాక్టర్ని అడక్కుండా వద్దు. ఆ సారం పసుపులోని కర్క్యుమిన్‌ను రక్తంలోకి దాదాపు 20 రెట్లు ఎక్కిస్తుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు, కొన్ని ఇంగ్లిష్ మందులు రక్తంలోకి చేరే మోతాదునూ పెంచగలదు.

రసం ఆపమన్నానని మెథోట్రెక్సేట్ ఆపకండి. ఈ వారంలోనే ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష), సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించి, రసం ఎన్నాళ్లు తాగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, జ్వరం తగిలినా అదే రోజు తీసుకెళ్లండి.