గీత కొత్తదా, రోడ్డు కొత్తదా?

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

ఓపెన్ మ్యాపులు, శాటిలైట్ డేటా పెట్టుకుని సుస్థిరాభివృద్ధి లక్ష్యాల పురోగతి లెక్కగట్టే పని ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఓ పావుగంట ఇంట్లో గర్వంగా తిరిగాను. తర్వాత టెన్షన్ మొదలైంది.

2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న లక్ష్యాలు 17, వాటి కింద టార్గెట్లు 169, గడువు 2030. అన్నిటి జోలికీ పోకు. ఒక్కటి పట్టుకో. దూరాలు డిగ్రీల్లో కొలవకు, ముందు ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) మీటర్లలోకి మార్చుకో. డేటా లైసెన్సు చదువు. వాలంటీర్లు గీసి అందరికీ ఉచితంగా ఇచ్చే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడితే ఆ పేరు వెయ్యాల్సిందే. ఇవన్నీ నీకు తెలిసినవే, నా చాదస్తం కొద్దీ చెప్తున్నా.

నేను చేసిన తప్పు మాత్రం మీ అమ్మకి కూడా తెలియదు.

ఆ లక్ష్యాల పురోగతి కొలవడానికి 9.1.1 అని ఒక సూచిక ఉంది. అన్ని కాలాల్లో నడిచే రోడ్డుకు 2 కిలోమీటర్ల లోపు గ్రామీణ జనాభాలో ఎంత శాతం ఉన్నారన్నది లెక్క. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఒక పాత మ్యాపులోని రోడ్లు, ఒక కొత్త మ్యాపులోని రోడ్లు విడివిడిగా దించుకున్నాను. చుట్టూ 2 కిలోమీటర్ల పట్టీ గీసి, జనాభా గడుల (ఏ గడిలో ఎంతమంది ఉంటారో చెప్పే మ్యాపు) మీద పరిచాను. కొత్త మ్యాపుకి శాతం ఎగిరి కూర్చుంది. రోడ్డు అందిన చోట్లకి ఆకుపచ్చ రంగు వేసి, మీటింగులో గోడంత బొమ్మ చూపించాను.

వెనక కూర్చున్న ఒక పెద్దాయన లేచొచ్చి, తెర మీద నేను కొత్తదని చూపిన ఒక గీత మీద వేలు పెట్టాడు. "ఈ రోడ్డు మీద నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిల్ తొక్కాను బాబూ" అన్నాడు. వేలు కొంచెం పక్కకి జరిపి, "ఇక్కడ వాగుంది. వానలు పడితే ఎవరూ దాటలేరు. వాగవతలి ఊరిని కూడా ఆకుపచ్చలో కలిపేశారే" అన్నాడు.

నా నోట మాట లేదు. రోడ్లు పెరగలేదమ్మా, మ్యాపు పెరిగింది. ఎక్కడో కూర్చున్న వాలంటీర్లు శాటిలైట్ చిత్రం చూసి గీసిన గీతల్ని నేను కొత్త రోడ్లనుకున్నాను. 2010 భూకంపం తర్వాత హైతీ రాజధాని పోర్టోప్రిన్స్‌లో ఏం జరిగిందో చూడు. ఊరు కూలిపోయింది. సహాయం చేసేవాళ్ల కోసం వందల మంది కూర్చుని మ్యాపు నింపేశారు. నా పద్ధతిలో లెక్కిస్తే ఆ ఏడాది అక్కడ బ్రహ్మాండమైన అభివృద్ధి!

సిగ్గు సంగతి అలా ఉంచు. ఆ పెద్దాయన ఆ రోజు రాకపోయి ఉంటే, వాగవతలి ఊరు "రోడ్డుంది" అన్న జాబితాలోకి పోయేది, వంతెన డబ్బు ఇంకెక్కడికో వెళ్లేది. అది తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

కాబట్టి ప్రతి గీత చరిత్రా తెరిచి చూడు. అందులో ఉండేది గీసిన తేదీ, రోడ్డు వేసిన తేదీ కాదు. పాత చిత్రంతో పోల్చుకో. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి గానీ, మొదట్లో వాటి చుక్క ఇంకా పెద్దది; తర్వాత వచ్చిన 30 మీటర్ల చుక్కలో మాత్రం పల్లె రోడ్డు ఎక్కడ కనపడుతుంది? సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు వాడినా చుక్క 10 మీటర్లే. చెరువుకైతే చాలు, సన్నటి రోడ్డుకి చాలదు. అక్కడ తిరిగిన మనిషిని అడుగు. ఫోన్ చెయ్యడానికి మొహమాటపడతావు, నాకు తెలుసు. చిన్నప్పుడు కూడా అంతే, దారి తప్పినా ఎవర్నీ అడిగేదానివి కాదు.

ఇంకోటి. జనాభా గడులు చాలావరకు అంచనాలే. కొన్నిటిని తయారుచేసేటప్పుడు రోడ్లు ఎక్కడున్నాయో చూసే జనాన్ని పంచుతారు. ఆ తర్వాత మనం "జనం రోడ్ల పక్కనే ఉన్నారు" అని రిపోర్ట్ రాస్తాం! నీ గడులు దేంతో చేశారో ముందే చూసుకో. మ్యాపులో ఖాళీగా ఉన్న చోట రోడ్డు లేదని రాయకు, "డేటా లేదు" అని రాయి. బాస్ మొహం చిట్లిస్తే చిట్లించనీ.

రాత్రిళ్లు స్క్రీన్ ముందు కూర్చోకు, మీ అమ్మ నన్నే తిడుతుంది. మొదటి మ్యాపు ఎవరికీ పంపకముందు నాకు పంపు. నా ఆకుపచ్చ బొమ్మ ఇంకా బీరువాలోనే ఉంది. వచ్చినప్పుడు చూపిస్తా, నవ్వకూడదు.

మీ మావయ్య