అప్పు తెచ్చి బఫెట్ బాటలో నడవవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని, వయసు 41, సీపీఎస్ (జీతం నుంచి వాటా కట్టే పెన్షన్ పథకం) కింద ఉన్నాను. నెలకు 72,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు, చిట్టీ వాయిదా పోను 8,000 మిగులుతాయి. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, అబ్బాయి ఎనిమిదో తరగతి. మా నాన్న ఆజంజాహి మిల్లు కార్మికుడు. మిల్లు మూతపడ్డాక మా ఇల్లు ఎంత నలిగిందో నాకు తెలుసు. మా పిల్లలకు ఆ స్థితి రాకూడదు. షేర్ల పెట్టుబడితో కుబేరుడైన అమెరికన్ వారెన్ బఫెట్ జీవితం గురించి చదివాక ధైర్యం వచ్చింది. నా పది లక్షల చిట్టీకి ఇంకా 28 వాయిదాలున్నాయి. ఇప్పుడే పాడుకుంటే 8 లక్షలు వస్తాయి. బ్యాంకు 12 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో 6 లక్షల రుణం ఇస్తానంటోంది. సంతకం ఇంకా చేయలేదు. మా బావమరిది మరో 2 లక్షలు తన పేరున కూడా పెట్టమంటున్నాడు. నాలుగైదు మంచి కంపెనీల షేర్లు కొని పదేళ్లు కదపకూడదని నా ఆలోచన. మిత్రుడి మాట మీద 84,000కు కొన్న ఒక షేరు ఇప్పుడు 31,000కు పడిపోయింది. దాన్ని కూడా ఈ తక్కువ ధరలో ఇంకొంత కొందామనుకుంటున్నాను. బఫెట్ కూడా ఇతరుల డబ్బుతోనే ఎదిగారు కదా?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, మీ పథకమంతా దాని మీదే నిలబడి ఉంది కాబట్టి. బఫెట్ ఇతరుల డబ్బు వాడుకున్న మాట నిజమే. అయితే అది ఎలాంటి డబ్బో చూడాలి. 1967లో ఆయన సంస్థ బెర్క్‌షైర్ హాథవే, నేషనల్ ఇండెమ్నిటీ అనే బీమా కంపెనీని 86 లక్షల డాలర్లకు కొన్నది. బీమాలో ప్రీమియం ముందుగా వస్తుంది, పరిహారం ఎప్పుడో తర్వాత చెల్లిస్తారు. ఆ మధ్యకాలంలో చేతిలో ఉండే సొమ్మును ఆయన పెట్టుబడిగా మార్చారు. పాత పాలసీలకు చెల్లిస్తూ ఉంటే కొత్త ప్రీమియంలు వస్తూనే ఉంటాయి. ఆ డబ్బుకు ఈఎంఐ లేదు. మార్కెట్ పడిపోయింది, మా సొమ్ము మాకు ఇచ్చేయండి అని పాలసీదారులంతా ఒక్కరోజు వచ్చి అడగరు.

మీరు తేవాలనుకుంటున్న సొమ్ము అలాంటిది కాదు. 6 లక్షలకు 12 శాతం వడ్డీతో ఐదేళ్ల ఈఎంఐ 13,347 రూపాయలు. మీకు మిగిలేది 8,000. అంటే మొదటి నెల నుంచే 5,347 రూపాయలు తక్కువ పడుతుంది. అది ఎక్కడి నుంచి తెస్తారు? ఆ షేర్లే కొన్ని అమ్మి కడతారు, ఇంకో మార్గం లేదు. పదేళ్లు కదపనన్న నిర్ణయం రెండో నెలలోనే చెదిరిపోతుంది. మార్కెట్ పైకి వెళుతున్నప్పుడు ఈ లోటు పెద్దగా కనిపించకపోవచ్చు. పడినప్పుడు ఏమవుతుందో బెర్క్‌షైర్ చరిత్రలోనే ఉంది. ఆ షేరు 1973-75 మధ్య 59 శాతం, 1987లో 37 శాతం, 1998-2000 మధ్య దాదాపు 49 శాతం, 2008-09లో 51 శాతం దాకా పడింది. ఇంత గొప్ప కంపెనీకే నాలుగుసార్లు అలా జరిగింది. 2017 సంవత్సరపు లేఖలో బఫెట్ ఈ అంకెలన్నీ వాటాదారుల ముందు పెట్టారు. అప్పు తెచ్చి షేర్లు కొనవద్దని చెప్పడానికే పెట్టారు. మీ 14 లక్షలు 7 లక్షలైన రోజున కూడా ఈఎంఐ ఒకటో తారీఖునే వస్తుంది, చిట్టీ వాయిదా కూడా ఆగదు.

ఇది నేను దగ్గర నుంచి చూశాను. హనుమకొండలో బట్టల దుకాణం నడిపే ఒకాయన 2007లో ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి షేర్లు కొన్నారు. 2008 జనవరిలో 21,000 దాటిన షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ అక్టోబరు చివరికి 8,000 కిందికి జారింది. బంగారం వేలానికి వెళ్లకుండా కాపాడుకోవడానికి ఆయన ఆ అడుగు ధరలోనే షేర్లన్నీ అమ్మేశారు. 2010 నవంబరుకు సూచీ మళ్లీ 21,000 చేరింది. ఆయన ఎంచుకున్నవి చెడ్డ కంపెనీలు కావు. ఆ రెండేళ్లు ఆగే వీలు ఆయనకు లేకపోయింది, అంతే. బఫెట్‌కు ఆగే వీలు ఎప్పుడూ ఉంది. ఆయన జీవితం నుంచి మీరు నేర్చుకోవలసినది నా దృష్టిలో ఇదే. కంపెనీల ఎంపిక ఆ తర్వాతి సంగతి.

బావమరిది 2 లక్షలు తీసుకోకండి. 1942లో పదకొండేళ్ల బఫెట్ తనకు మూడు, అక్క డోరిస్‌కు మూడు చొప్పున సిటీస్ సర్వీస్ షేర్లను 38 డాలర్ల ధరకు కొన్నాడు. ధర 27కు పడింది. బడికి వెళ్లే దారిలో అక్క రోజూ ఆ సంగతి గుర్తు చేసేది. 40కి రాగానే అమ్మేసి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత అది 202 దాకా వెళ్లింది. సొంత అక్క డబ్బే అంత బరువనిపించింది ఆ పిల్లవాడికి. అత్తగారింటి డబ్బు అంతకంటే తేలికగా ఉండదు.

ఇక మిల్లు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కదిలించింది అదే. బెర్క్‌షైర్ హాథవే అసలు ఒక బట్టల మిల్లు అని మీరు చదివే ఉంటారు. 1962లో ఏడున్నర డాలర్ల ధరకు బఫెట్ ఆ షేర్లు కొనడం మొదలుపెట్టారు. వ్యాపారం కుంగిపోతోందని తెలుసు, అయినా చవకగా ఉందని కొన్నారు. 1964లో మిల్లును నడుపుతున్న అధిపతి ఆయన షేర్లను పదకొండున్నర డాలర్లకు కొంటానని నోటిమాట ఇచ్చి, కాగితం మీద పన్నెండున్నర సెంట్లు తగ్గించారు. బఫెట్‌కు కోపం వచ్చింది. అమ్మడం మానేసి ఇంకా ఇంకా కొని, 1965లో మిల్లునే చేతిలోకి తీసుకున్నారు. కోపంతో చేసిన ఆ పని తన పెద్ద పొరపాట్లలో ఒకటని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. ఇరవై ఏళ్లు దాన్ని నడిపించాలని చూశారు, కొత్త యంత్రాలు తెచ్చారు. 1985లో మూసేయక తప్పలేదు. 1981లో ఒక్కొక్కటి 5,000 డాలర్లు పెట్టి కొన్న మగ్గాలను 50 డాలర్లకు కూడా ఎవరూ కొనలేదు. చివరికి 26 డాలర్ల చొప్పున తుక్కు కింద పోయాయి. వాటిని అక్కడి నుంచి తీయించడానికి అంతకంటే ఎక్కువ ఖర్చయింది.

1934లో మొదలై ఓరుగల్లులో కొన్ని తరాలకు అన్నం పెట్టిన ఆజంజాహి మిల్లు నీడలో పెరిగిన మీకు ఈ మగ్గాల కథ నేను విడమరచి చెప్పనక్కరలేదు. 31,000కు పడిన మీ షేరు గురించి మాత్రం ఒక్కటి అడుగుతాను. ఇప్పటిదాకా అది మీ దగ్గర లేదనుకోండి. ఈ రోజు చేతిలో 31,000 ఉంటే ఆ కంపెనీనే కొంటారా? ఎందుకు కొంటారో దాని వార్షిక నివేదిక చదివి నాలుగు వాక్యాలు రాయగలరా? రాయలేకపోతే అమ్మేయండి. గడువులోగా ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి, షేర్ల మీద వచ్చే లాభాల్లో సర్దుబాటు చేసుకోవచ్చు.

నాలుగైదు కంపెనీలే కొనడం బఫెట్‌కు చెల్లింది, ఎందుకంటే రోజులో అధిక భాగం కంపెనీల నివేదికలు చదవడమే ఆయన పని. బడి, ఇల్లు చూసుకుంటూ మీకు అంత సమయం దొరకదు. అలాంటి వారికి ఆయన చెప్పేది ఇండెక్స్ ఫండే, అంటే ఒక మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటినీ కలిపి కొనే ఫండ్. తన తర్వాత భార్య కోసం ఉంచే సొమ్ములో 90 శాతం ఇండెక్స్ ఫండ్‌లో, 10 శాతం స్వల్పకాలిక ప్రభుత్వ బాండ్లలో పెట్టమని ఆయన రాసి ఉంచారు. 2008 నుంచి 2017 దాకా పదేళ్లు ఈ విషయం మీదే పందెం కాశారు. ఇండెక్స్ ఫండ్ 125.8 శాతం పెరిగింది. ఎదుటివారు ఏరికోరి ఎంచుకున్న ఐదు ఫండ్లలో ఒక్కటి కూడా దాని దరిదాపులకు రాలేదు.

మీరు చేయవలసినవి చెబుతాను. చిట్టీని ఇప్పుడు పాడకండి. వాయిదాలు ముగిసే వేళకు, అంటే ఇంకో 28 నెలలకు, మీ అమ్మాయి డిగ్రీ మొదటి ఏడాదిలో ఉంటుంది. చివర్లో తీసుకుంటే కోత తక్కువ. ఆ సొమ్ము ఆమె చదువుది, దాన్ని షేర్ల దగ్గరికి రానివ్వకండి. ఆపద నిధి గురించి మీరు రాయలేదు, లేదనుకునే చెబుతున్నాను. షేరు అమ్మగా వచ్చిన 31,000 బ్యాంకులో వేయండి. నెలకు మిగిలే 8,000లో సగం ఒక ఏడాది పాటు రికరింగ్ డిపాజిట్‌కు, సగం నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో సిప్‌కు, అంటే నెలనెలా పెట్టే పెట్టుబడికి, పంపండి. ఆ తర్వాత 8,000 మొత్తం సిప్‌కే వెళ్లాలి. చిట్టీ ముగిశాక ఆ వాయిదా సొమ్ములో వీలైనంత దానికి కలపండి.

లెక్క కోసం ఏడాదికి 10 శాతం రాబడి అనుకుందాం. ఇది హామీ కాదు. 61 ఏళ్లకు పదవీ విరమణ చేసేలోగా, సగం సిప్ కట్టే ఈ మొదటి ఏడాదిని లెక్కలోకి తీసుకోకపోతే, మీకు 19 ఏళ్ల సిప్ కాలం ఉంది. నెలకు 8,000 చొప్పున మొదటి పదేళ్లకు సుమారు 16 లక్షల 40 వేలు అవుతుంది. మిగిలిన తొమ్మిదేళ్లలో అది 54 లక్షలు దాటుతుంది. బఫెట్ సంపదలో చాలా భాగం అరవై దాటాకే చేరిందంటే కారణం ఇదే లెక్క. సీపీఎస్ ఉద్యోగికి పాత పెన్షన్ భరోసా లేదు గనుక ఈ నిధి మీకు అవసరం. పిల్లలిద్దరూ మీ జీతం మీదే ఆధారపడి ఉన్నారు, కోటి రూపాయల టర్మ్ బీమా కూడా ఈ నెలలోనే తీసుకోండి.

రుణ పత్రాల మీద ఇంకా సంతకం చేయలేదని రాశారు. బ్యాంకుకు వద్దని ఈ వారమే చెప్పేయండి.