చెరువు మట్టితో సిరామిక్స్ కుదురుతుందా?

ప్రశ్న: ఇంట్లో చిన్న కరెంటు కిల్న్ (మట్టి వస్తువులు కాల్చే బట్టీ) పెట్టుకుని సిరామిక్స్ నేర్చుకుంటున్నాను. మా ఊరి చెరువు మట్టితో కప్పులు చేస్తే కొన్ని ఆరేటప్పుడే బీటలు వారాయి. మిగిలినవి 1250 డిగ్రీలకి కరిగి షెల్ఫ్‌కి అంటుకుపోయాయి. రైస్ మిల్లు ఊక బూడిదతో గ్లేజ్ (పాత్ర మీద గాజులా మెరిసే పూత) చేసుకోవాలనీ ఉంది. ఇదంతా అయ్యే పనేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అయ్యే పనేనమ్మా. కాకపోతే కొన్నాళ్లు కప్పులు ఆపండి. నా స్టూడియోకి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకీ మొదట చక్రం ఇవ్వను, పరీక్షకి చిన్న మట్టి బిళ్లలు చేయమంటాను. మొహం ముడుచుకుంటారు, ఏం చేస్తాం!

చెరువు మట్టికి జిగట ఎక్కువ. పట్టిన నీళ్లు పోయేటప్పుడు బాగా ముడుచుకుంటుంది, అందుకే బీటలు. తడి బిళ్ల మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరాక కొలవండి. 9 మిగిలితే 10 శాతం తగ్గినట్టు. తర్వాత సన్న ఇసుక పదో వంతు, ఐదో వంతు కలిపి మళ్లీ కొలవండి. మన కుమ్మరులు ఇసుక కలిపేది ఇందుకే.

ఇక కరగడం. ఆ మట్టిలో ఇనుము, కరిగించే ఖనిజాలు ఎక్కువ. సాధారణంగా 1000 డిగ్రీల లోపే చక్కగా ఎర్రగా కాలుతుంది. కానీ ఆ కరిగే గుణాన్ని వదులుకోకండి, అదే మీ గ్లేజ్! 19వ శతాబ్దంలో అమెరికా కుమ్మరులు న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ దగ్గర తవ్విన మట్టినే నీళ్లలో కలిపి స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి రాయిలా గట్టిగా కాలే మట్టి) జాడీలకు పూసేవారు. కాలిస్తే మెరిసే ముదురు గోధుమరంగు వచ్చేది. మీరూ చెరువు మట్టిని నీళ్లలో నానబెట్టి, జల్లించి, కొన్న స్టోన్‌వేర్ మట్టి బిళ్లల మీద పూసి కాల్చండి.

ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, ఒక్కటే వేస్తే కరగదు. కట్టెల బూడిదలో సున్నం ఉంటుంది, కరిగించేది అదే. కాబట్టి ముందు చెరువు మట్టికి కట్టెల బూడిద 90–10, 80–20, అలా మార్చుకుంటూ పోండి. నచ్చిన పాళ్లు దొరికాకే ఊక బూడిద కొద్దికొద్దిగా చేర్చండి. బిళ్ల వెనక నంబరు ఐరన్ ఆక్సైడ్‌తో రాయండి, పెన్సిల్ గీత కాలిపోతుంది. కింద పనికిరాని మట్టి పళ్లెం పెడితే షెల్ఫ్ బతుకుతుంది, దాని ఖరీదు మీకిప్పుడు తెలిసే ఉంటుంది.

పాళ్లు మాత్రం నన్ను అడగొద్దు. మీ చెరువుకీ పక్కూరి చెరువుకీ పొంతన ఉండదు. బూడిద చేతులు కొరికేస్తుంది, గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. గ్లేజ్ కుదిరాక నిమ్మచెక్క ఒకటి రాత్రంతా దాని మీద ఉంచండి. పొద్దున రంగు మారిందా, ఆ కప్పులో కాఫీ తాగొద్దు, పెన్నులు పెట్టుకోండి.