పాత పెంకుటింట్లో వంటిల్లు పడగొట్టాలా, బాగుచేయించుకోవాలా?

విజయనగరంలోని పాత పెంకుటింట్లో వంటిల్లు పడగొట్టి స్లాబ్ వేయించాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవచ్చా అని అడిగారు. గోడలు బీటలు వారకుండా, దూలాలకు చెద పట్టకుండా ఉంటే దయచేసి పడగొట్టకండి. శ్రీకాకుళంలో మా అత్తగారి ఇల్లూ సున్నంతో కట్టినదే. ఆ వంటింటిని అలాగే ఉంచి మార్చుకున్నాం, హాయిగా వండుకుంటున్నాం.

అన్నిటికంటే ముందు గోడ సంగతి చూడండి. మేస్త్రీ రాగానే "పాతదంతా చెక్కేసి సిమెంటు పూసేద్దామమ్మా, పైదాకా టైల్స్ వేసేద్దాం" అంటాడు. ఒప్పుకోకండి. ఇలాంటి పాత సున్నపు ఇళ్లలో నేల చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది, సున్నం గుండా బయటికి ఆరిపోతుంటుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. మా ఇంట్లో మామయ్యగారి హయాంలో తొట్టి వెనకాల సిమెంటు పూయించారట. వేలితో కొడితే డొల్లగా మోగేది. చెక్కించి చూస్తే వెనకాల సున్నం తడిసిన పిండిలా చేతికి వచ్చేసింది, ఇటుకల మీద తెల్లగా ఉప్పు పొంగి ఉంది. అదంతా తీసేయించి, గోడ బాగా ఆరాక మళ్లీ సున్నం, ఇసుకతోనే పూయించాం. టైల్స్ గట్టు మీద రెండడుగుల ఎత్తు వరకే వేయించాం. మిగతా గోడకు వెల్ల వేస్తున్నాం, ప్లాస్టిక్ పెయింటు జోలికి పోలేదు.

గట్టుకు గ్రానైట్ మన టెక్కలి వైపు నుంచే వస్తుంది. పలకను పాత గోడలోకి గాడి కొట్టి దూర్చనివ్వకండి, కడప బండలు నిలబెట్టి వాటి మీద వేయించండి. ఎత్తు మాత్రం రోజూ వండే మనిషిని నిలబెట్టి, మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికి పెట్టించండి. మా అత్తగారికి నడుం నొప్పి తగ్గింది దీనివల్లే అని నా నమ్మకం.

గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకని సిలిండర్ పెట్టేచోట నేలకు ఆనుకుని బయటికి కన్నం ఉండాలి. పైనున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ దానికి సాయపడదు. మిక్సీ, ఇండక్షన్ స్టవ్‌లకు వైరింగ్ విడిగా లాగించండి. వెలుతురు కోసం పొయ్యి పైన రెండు గాజు పెంకులు పెట్టించాం, పగలు లైటు వేసే పనే లేదు.

పెంకులు దించే పని ఉంటే సంక్రాంతి దాటాక పెట్టుకుని వానలలోపు ముగించండి. 2018లో తిత్లీ తుఫాను వచ్చింది అక్టోబరులోనే కదా, ఆ నెలల్లో కప్పు విప్పి ఉంచకూడదు.